‘రంగీలా’ వచ్చిన ఏడు

మొన్న షుగర్ టెస్టుకని ల్యాబ్‌కి వెళ్ళాను. అక్కడి అమ్మాయి దూది స్పిరిట్‌లో ముంచి మోచేతి మడత దగ్గర రుద్దింది. ఆ వాసన తగిలితే అందరికీ ఆసుపత్రి గుర్తొస్తుందేమో, నాకు మాత్రం చిక్కడపల్లిలో ఒక క్యాసెట్ల షాపు గుర్తొస్తుంది. మధ్యాహ్నం షాపులోకి రాగానే నా మొదటి పని టేప్ డెక్‌ల హెడ్‌లు, అంటే టేపు ఆనుకుని పోయే భాగాలు, తుడవడం. అగ్గిపుల్లకి దూది చుట్టి, స్పిరిట్‌లో తడిపి, హెడ్ మీద అంటుకున్న గోధుమరంగు పొడి పోయేదాకా మెల్లగా రుద్దాలి. ఆ పొడి ఎన్ని పాటల తాలూకుదో!

దానికి తోడు, రాంగోపాల్ వర్మ హిందీ సినిమా ‘రంగీలా’కి ముప్పై ఏళ్ళు నిండాయని 4కెలోకి మార్చి మళ్ళీ హాళ్ళలో వేశారు. ఈ రెండూ కలిసి రెండు మూడు రోజులుగా నన్ను ఆ షాపు కౌంటర్ వెనక్కి తీసుకెళ్ళి కూర్చోబెడుతున్నాయి. అందుకే ఈ పోస్టు. కాస్త పొడుగే, ఓపికున్నవాళ్ళు చదవండి.

* * *

మాది జనగామ. డిగ్రీ చదవడానికి హైదరాబాద్ వచ్చి, చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ దగ్గర సందులో ఉండే పిన్ని వాళ్ళింట్లో దిగాను. కాలేజీ పొద్దుటి పూటే. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఖాళీ. బాబాయి తనకు తెలిసిన ఒక సేఠ్ దగ్గర పెట్టించాడు. షాపు ఎంతంటే ఇద్దరు నిలబడితే మూడోవాడు రోడ్డు మీదే. గోడల నిండా క్యాసెట్లు, ఒక మూల రెండు డబుల్ డెక్‌లు, బయట గుమ్మానికి రెండు వైపులా నల్ల స్పీకర్లు.

కంపెనీ క్యాసెట్లు అమ్మడం పైకి కనిపించే వ్యాపారం. అసలు గిరాకీ రికార్డింగ్‌ది. జనం నోట్‌బుక్ కాయితం చింపి పాటల చీటీ రాసుకొచ్చేవాళ్ళు. ఒకే చీటీలో ఘంటసాల, కిశోర్ కుమార్, ‘ప్రేమికుడు’ ఉండేవి. అరవై నిమిషాల క్యాసెట్టా తొంభైదా అని అడిగి, ఏ పాట ఎంతసేపో లెక్కేసి, రెండు వైపులా సర్దాలి. సైడు చివర పాట తెగిపోతే కస్టమర్ మర్నాడే వచ్చి తగువు పెట్టుకుంటాడు. అట్లాగని రెండు నిమిషాలు ఖాళీ వదిలితే, డబ్బులు పూర్తిగా తీసుకున్నావు కదా అంటాడు. ఇదంతా చట్టప్రకారం తప్పని మాకు తెలీదా అంటే, తెలుసు. సేఠ్‌కి ఇంకా బాగా తెలుసు. ఎవరైనా బూట్లేసుకున్న మనిషి షాపు ముందు ఆగితే చాలు, చీటీల డబ్బా కాలితో కౌంటర్ కిందికి తోసేవాడు.

ఆ ఏడాది ఊరంతా వేరే గొడవలో ఉంది. ఆగస్టు చివర్లో తెలుగుదేశం ఎమ్మెల్యేలు చాలామంది ట్యాంక్‌బండ్ పక్కన వైస్రాయ్ హోటల్లో ఉన్నారు. మా షాపు నుంచి నడిచి వెళ్ళేంత దూరం. సాయంత్రమైతే కస్టమర్లు పాటలు మానేసి రాజకీయాలు మాట్లాడేవాళ్ళు. సెప్టెంబర్ 1న ముఖ్యమంత్రి మారాడు. సరిగ్గా వారానికి, 1995 సెప్టెంబర్ 8న, ‘రంగీలా’ విడుదలైంది. మాకు మాత్రం ఆ సినిమా అప్పటికే వచ్చేసినట్టు లెక్క, ఎందుకంటే పాటలు ముందే వచ్చాయి.

* * *

టిప్స్ కంపెనీ క్యాసెట్. కోఠీ నుంచి సేఠ్ ఒక డజను తెచ్చాడు. రెహమాన్ పేరుంటే ఆ రోజుల్లో కళ్ళు మూసుకుని తేవచ్చు. ‘రోజా’, ‘బొంబాయి’ హిందీలోకి డబ్బింగై ఊపేశాయి గానీ, నేరుగా హిందీ సినిమాకని అతను చేసిన మొదటి పాటలు ఇవే. మెహబూబ్ రాశాడు. మూత తీసి డెక్‌లో వేసి, వాల్యూమ్ పెంచాను. ఆశా భోంస్లే గొంతు రోడ్డు మీదికి దూకింది. ఎదురుగా బండి మీద అరటిపళ్ళమ్మే ఆవిడ తల తిప్పి చూసింది. ఆ గొంతు అరవై దాటినామెది అంటే ఎవరూ నమ్మలేదు. తర్వాత ఎక్కడో చదివాను, సినిమా విడుదలైన సెప్టెంబర్ 8 ఆమె పుట్టినరోజు కూడానట. ఆ రోజుకి ఆమెకు 62 నిండాయి.

రెహమాన్ పాటలతో మాకో చిక్కుండేది. అతను కుడి స్పీకర్‌కీ ఎడమ స్పీకర్‌కీ వేర్వేరు శబ్దాలు పంచిపెడతాడు. మామూలు పాట అయితే హెడ్ కొంచెం వంకరగా ఉన్నా సర్దుకుపోతుంది, ఇతనిది సర్దుకోదు. హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. గడియారాల వాళ్ళు వాడే సన్న స్క్రూడ్రైవర్‌తో దాన్ని వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతూ, పాట వెనకాల సన్నగా కొట్టే తాళం శబ్దం స్పష్టంగా విచ్చుకునేదాకా వినాలి. దొరికినప్పుడు తెలుస్తుంది, పాట మీద ఉన్న దుప్పటి లాగేసినట్టు ఉంటుంది. సేఠ్‌కి ఇది చేతకాదు. “తూ హీ కర్ రే, తేరే కానాఁ జవాన్ హై” (నువ్వే చెయ్యి, నీ చెవులు కుర్రవి) అని నాకే వదిలేసేవాడు. ఒక పెద్దాయన మాత్రం ‘తన్హా తన్హా’ రికార్డు చేయించుకుని వెళ్ళి, మర్నాడు వచ్చి, వాయిద్యాలన్నీ కలిసిపోయి ఒకే పక్క నుంచి వస్తున్నాయని కూర్చున్నాడు. వాళ్ళింట్లో ఒకే స్పీకరున్న టేప్‌రికార్డర్. ఎంత చెప్పినా వినడే! చివరికి షాపులో రెండు స్పీకర్ల మధ్య స్టూలేసి కూర్చోబెట్టి పాటంతా వినిపించాం. విని, ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్ళి, నెల తిరిగేసరికి కొత్త టూ-ఇన్-వన్ కొని దాన్ని మాకు చూపించడానికి చంకలో పెట్టుకొచ్చాడు.

ఇంకో సంగతి. ‘యారో సున్ లో జరా’ మొదలవగానే నా చెయ్యి ఆగిపోయింది. ఈ బాణీ నాకు తెలుసు. పై అరలో దుమ్ము పట్టి ఉన్న ‘సూపర్ పోలీస్’ తీశాను. వెంకటేశ్ సినిమా, అంతకు ముందు ఏడాదిది. సినిమా పోయింది, దాంతో పాటలూ పోయాయి. అందులో ‘బాబూ లవ్వు చెయ్యరా’ పెట్టి చూస్తే అదే బాణీ. తెలుగులో ఎవరూ పట్టించుకోని పాట బొంబాయి వెళ్ళి బట్టలు మార్చుకుని వచ్చింది. సేఠ్ వెంటనే ఆ రెండు క్యాసెట్లూ పక్కపక్కన పెట్టి, ఇది వింటే అది వినాల్సిందేనని కస్టమర్లకి చెప్పడం మొదలుపెట్టాడు. అమ్ముడుపోక మిగిలిన ‘సూపర్ పోలీస్’ సరుకంతా ఆ నెలలో ఖాళీ అయింది. వ్యాపారం అంటే అదీ.

* * *

రాంగోపాల్ వర్మ అంటే అప్పటికి మా వాళ్ళకి ‘శివ’. సైకిల్ చైను, పొగమంచు, సందుల్లో పరుగులు. ఇంకా ముందు సంగతి కూడా ఊళ్ళో అందరూ చెప్పుకునేవారు. విజయవాడ సిద్ధార్థలో ఇంజనీరింగ్ చదివి, కృష్ణా ఒబెరాయ్ హోటల్ కట్టేటప్పుడు సైట్ ఇంజనీర్‌గా చేసి, అది వదిలేసి అమీర్‌పేటలో వీడియో షాపు పెట్టుకున్న మనిషి. మాలాంటి కౌంటర్ వెనకాల కూర్చున్నవాళ్ళకి ఆ చివరి మాట చాలా ముఖ్యం. క్యాసెట్లు అద్దెకిచ్చినవాడు బొంబాయిలో ఆమిర్ ఖాన్‌తో సినిమా తీస్తున్నాడు! నాతోపాటు ఆ వీధిలో క్యాసెట్ షాపుల్లో పనిచేసే కుర్రాళ్ళందరం ఎప్పుడో ఒకప్పుడు ‘డైరెక్షన్’ అన్నవాళ్ళమే. ఎవరం చెయ్యలేదనుకోండి.

అయితే ప్రేమకథ, అందులోనూ కామెడీ అనేసరికి చాలామంది పెదవి విరిచారు. ‘ఆయనకి కత్తులు తప్ప ఏం తెలుసు’ అన్నవాళ్ళు ‘క్షణ క్షణం’ మర్చిపోయారన్నమాట. ఊర్మిళ కూడా మనకి కొత్త కాదు. ‘అంతం’, ‘గాయం’ చూసినవాళ్ళకి ఆ అమ్మాయి తెలుసు. కానీ ఆ ఊర్మిళ వేరు, ఈ ఊర్మిళ వేరు. ‘మాసూమ్’లో చిన్నపిల్లగా వేసిన ఈ అమ్మాయిని అన్నేళ్ళూ అందరూ చూస్తూనే ఉన్నారు, ఎవరికీ కనపడలేదు. వర్మకి కనపడింది.

* * *

ఇప్పుడు బాల్కనీ అన్న గురించి చెప్పాలి.

ఆయన అసలు పేరు ఆ వీధిలో చాలామందికి తెలీదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమా హాళ్ళ ముందు బ్లాక్ టికెట్లమ్ముతూ “బాల్కనీ, బాల్కనీ” అని పెదాలు కదలకుండా అనేవాడు కాబట్టి ఆ పేరు పడిపోయింది. సన్నగా, పొడుగ్గా, చేతికి రాగి కడియం. టికెట్లు సాక్సుల్లో పెట్టుకునేవాడు. మ్యాట్నీ మొదలైపోయాక, ఫస్ట్ షోకి జనం రాకముందు మా షాపుకొచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. ఇరానీ హోటల్ నుంచి వన్ బై టూ చాయ్ వచ్చేది.

ఆయన రావడం కబుర్లకే అనుకునేవాణ్ణి మొదట్లో. కాదు. “తమ్మీ, గా క్యాసెట్లు ఎట్ల పోతున్నయ్?” అని మొదలుపెట్టేవాడు. ఎవరు కొంటున్నారు, కాలేజీ పోరగాళ్ళా, ఫ్యామిలీలా, ఒక్క పాట కోసం అడుగుతున్నారా, అన్ని పాటలూ అడుగుతున్నారా? ఒక్క పాటే హిట్టయితే సినిమాకి మూడు రోజులే జోరు. అన్నీ అడిగితే రెండు వారాలు ఢోకా లేదు. ఆ లెక్కతోనే ఎన్ని టికెట్లు ఎత్తాలో తేల్చుకునేవాడు. ఇప్పుడు పెద్ద పెద్ద కంపెనీలు కంప్యూటర్ల ముందు కూర్చుని చేసే పని ఆయన అర కప్పు చాయ్‌తో చేసేవాడు. ‘రంగీలా’ గురించి అడిగినప్పుడు చెప్పాను, చీటీల్లో ఒకటి రెండు పాటలు కాదు, క్యాసెట్ మొత్తం రాస్తున్నారని. ఆయన కడియం ఒకసారి పైకి జరుపుకున్నాడు. దానర్థం పెట్టుబడి పెడుతున్నాడని.

హీరో ఏం చేస్తాడో మా ఇద్దరికీ తెలీదప్పుడు. మొదటి శుక్రవారం మ్యాట్నీ వదిలాక, చూసొచ్చిన కుర్రాళ్ళు ఆయన్ని చుట్టుముట్టి అరిచారు: “అన్నా, నీ మీదనే తీసిండ్రు సినిమా!” ఆమిర్ ఖాన్ వేసిన మున్నా బొంబాయిలో బ్లాక్ టికెట్లమ్మేవాడు. ఆయన నమ్మలేదు. ఎగతాళి చేస్తున్నారనుకుని ఒకడి వీపు మీద గట్టిగానే ఒకటిచ్చాడు కూడా.

ఆ ఆదివారం నన్నూ తీసుకెళ్ళాడు. విచిత్రమేమిటంటే, అన్నేళ్ళుగా హాళ్ళ ముందే బతుకుతున్న ఆయన లోపల కూర్చుని సినిమా పూర్తిగా చూసింది చాలా తక్కువ. సినిమా నడిచే టైమే కదా ఆయనకి లెక్కలు చూసుకునే టైము. మా రెండు టికెట్లూ కౌంటర్ రేటుకే వచ్చాయి, ఆయన వాటిని చాలాసేపు అట్లాగే పట్టుకుని చూశాడు.

మున్నా తెర మీద టికెట్లమ్ముతుంటే చుట్టుపక్కల గుర్తుపట్టినవాళ్ళు వెనక్కి తిరిగి ఆయన్ని చూస్తూ ఈలలేశారు. ఆయన సీట్లో కిందికి జారిపోయాడు. పక్కనున్న నాకు మాత్రం వినపడేట్టు, “గట్ల ఒర్రుకుంట అమ్మితే పోలీసోడు పట్కపోడా” అని గొణిగాడు. కాసేపటికి గొణుగుడు ఆగిపోయింది.

పసుపు బట్టల సీను వచ్చేసరికి హాలు హాలంతా ఊగిపోయింది. చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, చూడనివాళ్ళకి: మున్నా తనకున్నంతలో బాగా తయారై, తల నుంచి కాలిదాకా పచ్చిపసుపు బట్టలేసుకుని, తను ప్రేమించే మిలిని, అంటే ఊర్మిళని, పెద్ద హోటల్‌కి తీసుకెళ్తాడు. వెయిటర్ ముందు ఎక్కడా తగ్గడు. ఏసీ గాలి తమ వైపు తిప్పమంటాడు. అంత పెద్ద హోటల్లో నలిగిపోవాల్సింది మున్నా, కానీ పాపం నలిగిపోయేది ఆ వెయిటర్. తర్వాతెప్పుడో ఆ వెయిటర్ వేషం వేసినాయన ఆమిర్ కంటే బాగా చేశాడని వర్మ అన్నట్టు ప్రచారమై పెద్ద రభస జరిగింది. ఎవరు బాగా చేశారన్నది పక్కన పెడితే, ఆ సీనులో ఇద్దరూ ఉండాల్సిందే. నాకో అనుమానం ఎప్పుడూ ఉండేది: ఫైవ్‌స్టార్ హోటల్ గోడలు లేస్తున్నప్పుడు సైట్‌లో నిలబడి చూసినవాడు కాబట్టే, దాని తలుపు దాటి లోపలికి పోయే మున్నాని వర్మ అట్లా తీయగలిగాడేమో. ఇది నా ఊహే సుమా.

ఇంటర్వెల్లో బాల్కనీ అన్న సమోసా కొనిచ్చి ఒక మాటన్నాడు. “మనోడు మంచిగ చేస్తుండు గని, ఆ పోరికి చెప్తలేడేంది?” ఆ ప్రశ్నకి సినిమాలో జవాబుంది. మిలి గుంపులో డ్యాన్స్ చేసే అమ్మాయి, పెద్ద హీరోయిన్ కావాలని కల. సినిమా స్టార్ రాజ్‌కమల్, అంటే జాకీ ష్రాఫ్, ఆమెను చూసి అవకాశం ఇప్పిస్తాడు, తనూ ప్రేమిస్తాడు. ఆమె పైకి పోతున్న కొద్దీ మున్నాకి చెప్పడానికి నోరు రాదు. చెప్పకుండానే ఊరొదిలి పోబోతాడు. మిలిని కార్లో ఎక్కించుకుని మున్నా కోసం వెతుక్కుంటూ తీసుకొచ్చేది రాజ్‌కమలే. విలన్ లేడు, తండ్రి అడ్డు లేడు, కులం గొడవ లేదు. ఇద్దరు మంచివాళ్ళు, మధ్యలో పనిచేసుకుని పైకి రావాలనుకునే ఒక పిల్ల. నా మట్టుకు నాకు ఆ సినిమాలో ఇప్పటికీ పాతబడనిది అదే. గుల్షన్ గ్రోవర్ వేసిన స్టీవెన్ కపూర్ అనే డైరెక్టర్ మీద జోకులు ఇప్పుడు కొంచెం మొద్దుగా అనిపిస్తాయి. రెండో సగంలో పాటలు వరసగా వచ్చి కథని ఆపేస్తాయి కూడా. అప్పుడు మాకు పాటలే కావాలి గనక ఫిర్యాదు లేదు.

* * *

పిన్ని కూతురు, నా చెల్లెలు, అప్పుడు ఇంటర్ చదువుతోంది. సినిమా చూసొచ్చిన రోజు నుంచి దానికి ఊర్మిళ వేసుకున్న స్కర్ట్ కావాలి. మనీష్ మల్హోత్రా పేరు మేమెవరం విననేలేదు. హీరోయిన్ బట్టలకి ఒక డిజైనర్ ఉంటాడని, ఆ బట్టలు ఆ పిల్ల కథను బట్టి ఉంటాయని మాలాంటివాళ్ళకి మొదట తెలిసింది ఈ సినిమాతోనే. ఆ తర్వాత ఫిల్మ్‌ఫేర్ వాళ్ళు అతనికి కాస్ట్యూమ్స్‌కి అవార్డు కూడా ఇచ్చారు.

మా సందు చివర టైలర్ దగ్గర అచ్చు చూపించడానికి బొమ్మ కావాలి. ఇప్పట్లా ఫోనులో తీసి చూపించే వీలేదీ? నేను షాపు నుంచి క్యాసెట్ లోపలి కవర్ తెచ్చిచ్చాను. అందులో ఊర్మిళ అంగుళంన్నర ఉంటుంది. టైలర్ కళ్ళజోడు నుదుటి మీదికి జరిపి, కవర్‌ని బల్బు దగ్గర పెట్టి చూసి, “దీనికి జేబు ఉందా లేదా?” అన్నాడు. చెల్లెలు ఉందంది. పిన్ని లేదంది. పొడుగు సంగతి దగ్గర అసలు యుద్ధం మొదలైంది. చెల్లెలు మోకాలి పైన చెయ్యి పెట్టింది, పిన్ని మడమ దగ్గర పెట్టింది. టైలర్ ఇద్దరికీ తల ఊపి, చివరికి పిక్క సగానికి కుట్టి, కింద నాలుగంగుళాలు మడిచి లోపల కుట్టేశాడు, “ఎవరు గెలిస్తే వాళ్ళు విప్పుకోండమ్మా” అని. ఆ సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఆయన అట్లాంటివి ఎన్ని కుట్టాడో! షాపు ముందు తీగ మీద రంగురంగులుగా వేలాడేవి. ఆ మడత మా ఇంట్లో విప్పలేదు, పిన్నిదే గెలుపు.

‘హాయ్ రామా’ పాట వచ్చినప్పుడు ఇంట్లో టీవీ ముందు అందరికీ ఒక్కసారి దాహమేసేది. బాబాయి పేపర్ మొహానికి అడ్డం పెట్టుకునేవాడు. హరిహరన్, స్వర్ణలత పాడిన ఆ పాట కళ్ళు మూసుకుని వింటే ఎంత గొప్పగా ఉంటుందో ఆ రోజుల్లో ఎవరూ ఒప్పుకునే ధైర్యం చెయ్యలేదు.

* * *

సినిమా రెండో వారం పూర్తవుతుండగా ఒక గురువారం పొద్దున వినాయకుడు పాలు తాగుతున్నాడని కబురొచ్చింది. దేశమంతా ఒకటే గోల. చిక్కడపల్లిలో ప్రతి గుడి ముందూ చెంబులు, గ్లాసులు, స్పూన్లు పట్టుకుని వరసలు. కాలేజీలో సగం క్లాసుల్లో లెక్చరర్లే రాలేదు. మా వీధిలో పదింటికల్లా పాల ప్యాకెట్ దొరకలేదు, చాయ్ కూడా లేదు. ఆ రోజు మ్యాట్నీకి జనం పల్చగా ఉండి బాల్కనీ అన్న చేతిలో టికెట్లు మిగిలిపోయాయి. స్టూలు మీద కూర్చుని, చాయ్ లేని గ్లాసు అటూ ఇటూ తిప్పుతూ, “ఇయ్యాల నేను పాలు అమ్మాల్సింది తమ్మీ” అన్నాడు. సేఠ్ నవ్వాపుకోలేక కౌంటర్ మీద పడిపోయాడు.

అక్టోబర్ చివర్లో ‘దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే’ వచ్చింది. అంతే, చీటీల రంగు మారిపోయింది. ఆవాల చేలు, రైలు, అమ్మాయి తండ్రి మనసు గెలిచే హీరో. పెళ్ళిళ్ళ సీజన్ కదా, ‘మెహందీ లగా కే రఖ్‌నా’ లేని క్యాసెట్ లేదు. ఆ ఏడాది ఫిల్మ్‌ఫేర్‌లో పెద్ద అవార్డులన్నీ అదే పట్టుకుపోయింది. పాటలకి మాత్రం రెహమాన్‌కే ఇచ్చారు. కథకి వర్మ, డ్యాన్సులకి అహ్మద్ ఖాన్, సహాయ పాత్రకి జాకీ, ఆశాకి ప్రత్యేక అవార్డు. మా షాపులో ఆ పేర్లు పేపర్లో చదివి చెప్పుకుంటుంటే బాల్కనీ అన్న అడిగాడు, “మున్నాకి ఏం రాలే?” రాలేదన్నాను. “టికెట్లమ్మెటోనికి ఎవలిస్తరు” అని లేచి వెళ్ళిపోయాడు. ఫస్ట్ షో టైమైంది మరి.

ఆ రెండు సినిమాల్లో ఏది గొప్పదని ఇప్పటికీ వాదనలు జరుగుతుంటాయి. షారుఖ్ సినిమా పెళ్ళిళ్ళని మార్చింది, విదేశాల్లో ఉన్న మనవాళ్ళని ప్రేక్షకులుగా లెక్కలోకి తెచ్చింది, బొంబాయి మరాఠా మందిర్ హాల్లో వెయ్యి వారాలు దాటింది. ‘రంగీలా’ అట్లాంటి రికార్డు పెట్టలేదు. అది హిందీ పాట వినపడే తీరు మార్చింది. హైదరాబాద్ నుంచి పోయినవాడు, మద్రాసు నుంచి పోయినవాడు కలిసి బొంబాయి వాళ్ళకి బొంబాయి వీధులు చూపించారు. మూడేళ్ళకి అదే వర్మ, అదే ఊర్మిళతో ‘సత్య’ తీశాడు, ఆ తర్వాత సంగతి అందరికీ తెలిసిందే. పోతే, నాకు షారుఖ్ వేసిన రాజ్ కంటే మున్నానే దగ్గర. రాజ్ లాంటివాణ్ణి నేనెక్కడా చూడలేదు. మున్నా రోజూ నా పక్కన కూర్చుని చాయ్ తాగాడు.

* * *

డిగ్రీ అయ్యాక నేను షాపు మానేశాను. సీడీలొచ్చాయి, తర్వాత ఎంపీ3లు. ఒక్క సీడీలో వందకి పైగా పాటలు పట్టేసరికి, ఏ పాట ఏ సైడులో సర్దాలన్న విద్యకి పనే లేకుండా పోయింది. సేఠ్ కొన్నాళ్ళు మొబైల్ రీఛార్జ్ కార్డులమ్మాడు. తర్వాత షట్టర్ వేరేవాళ్ళకి ఇచ్చేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు. బాల్కనీ అన్న ఆటో తీసుకున్నాడని విన్నాను. ఒకసారి నారాయణగూడ సిగ్నల్ దగ్గర కనిపించాడు కూడా. “బ్లాక్ దందా ఇప్పుడు లేదు తమ్మీ, పెద్దోళ్ళే షురూ చేసిండ్రు” అన్నాడు. మొదటి రోజు టికెట్ ధర ఎంతో చూసినప్పుడల్లా ఆ మాట నిజమే అనిపిస్తుంది. ఆయన ఎక్కువ రేటు చెప్పినా బేరమాడేవాళ్ళం, యాప్‌తో ఏం బేరమాడతాం?

‘రంగీలా’ తెలుగులోకి ‘రంగేళి’గా డబ్బింగైంది. జనగామలో కేబుల్ వాడు ఒక ఆదివారం మధ్యాహ్నం వేశాడు. నేను ఇంట్లోనే ఉన్నాను. అమ్మ బియ్యం ఏరుకుంటూ చూడ్డం మొదలుపెట్టి, కాసేపటికి చేట పక్కన పెట్టేసింది. నాన్న మధ్యలో వచ్చి నిలబడి చూశాడు. మిలి చివరికి మున్నా దగ్గరికే వచ్చేసరికి నేను అమ్మ వైపు చూశాను, కళ్ళు తుడుచుకుంటుందేమోనని.

“గా పిలగానికి ఏం నౌకరి?” అంది అమ్మ.

టికెట్లమ్ముతాడమ్మా అన్నాను.

“గదొక నౌకరా? పెండ్లయినంక ఏం తింటరు? ఆ కారున్న పిలగాడు ఎంత నెమ్మదస్థుడు, ఎంత మర్యాద! చేతుల పెట్టిన బువ్వను కాలదన్నుకున్నది పిచ్చి పొల్ల.”

నాన్న ఎప్పుడూ అమ్మకి ఎదురు మాట్లాడడు. ఆ రోజెందుకో, “ఆ పొల్లనే సంపాదిస్తుంది కద, వాడేం చేస్తే ఏంది” అన్నాడు. ఆ మాట మీద మా ఇంట్లో సాయంత్రం దాకా పంచాయితీ నడిచింది. పక్కింటావిడ కూడా వచ్చి కూర్చుని జాకీ వైపే చేరింది. ఇప్పుడు మళ్ళీ హాల్లో వేశారంటే అమ్మని తీసుకెళ్ళాను. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కి, పాప్‌కార్న్ రేటు విని ముక్కు మీద వేలేసుకుని, సినిమా అంతా చూసింది. బయటికొచ్చాక అడిగాను, ఇప్పుడేమంటావని.

“ఏమంట? అప్పుడు చెప్పిందే. జాకీనే చేసుకోవాల్సింది.”